ముక్కు మావయ్య అల్లం కుండీ

పాల ఫ్యాక్టరీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. పెద్దాచిన్నా అందరికీ ఆయన ముక్కు మావయ్యే. చెప్పొద్దూ, చూడ్డానికి ఆ ముక్కులో గొప్పేమీ లేదు, కాస్త చప్పిడి ముక్కు. దాని గొప్పంతా పనిలో ఉండేది. తెల్లవారగానే లారీలు వచ్చి అరుగుకి ఆనుకుని నిలబడతాయి. పాల డబ్బాలు ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. మావయ్య బావమరిది, అంటే భార్యకి సొంత తమ్ముడు, ఒక్కో డబ్బా మూత ఎత్తి పట్టుకుంటాడు. మావయ్య వంగి, మూత లోపలివైపు ఒక్కసారి వాసన చూసి "పోనీ" అంటే ఆ పాలు తొట్టిలోకి, "పక్కన పెట్టు" అంటే ఆ డబ్బా పక్కకి. అదీ ఆయన ఉద్యోగం. పాలు పులవబోతున్నాయన్న సంగతి పాలకంటే ముందు ఈయనకి తెలిసేదని డ్రైవర్లు నవ్వుకునేవారు. ఆవు ఏ చేదాకు మేసిందో, డబ్బాని ఎవరు కిరసనాయిలు చేతులతో ముట్టుకున్నారో కూడా చెప్పేసేవాడు.

అలాంటి ముక్కు పోయింది. ఉన్నది ఉన్నచోటే ఉంది, వాసన మాత్రం పోయింది.

ఆ ఏడు చలి వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ ఒక జ్వరాన్ని వదిలి వెళ్ళింది. మావయ్య మంచాన పడ్డాడు. జ్వరం దిగిన రోజు పొద్దున్న భార్య అల్లం దంచి కాచిన నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చింది. ఆయన తాగి, వట్టి వేణ్ణీళ్ళిచ్చిందేమిటి, అల్లం వెయ్యడం మర్చిపోయిందా అనుకున్నాడు. నాలిక చివర ఏదో చురుక్కుమంది, అంతే. గ్లాసు అడుగున చూస్తే అల్లం పిప్పి ఇంత మందాన పేరుకుని ఉంది. సబ్బు వాసన చూశాడు, చెప్పులు వాసన చూశాడు, ఆఖరికి వంటింట్లో కిరసనాయిలు సీసా మూత తీసి చూశాడు. అన్నీ గాలే. వట్టి గాలి.

ఇక్కడ ఎవరైనా ఏం చేస్తారు? "ఏమే, నాకు వాసన తెలీడం లేదే" అని భార్యతో అంటారు. ఈ మహానుభావుడు అనలేదు. ఎందుకనలేదంటే దానికో కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో మొదలైన ఆట అది. సాయంత్రం పని నుంచి వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, పొయ్యి మీద ఏముందో మూత తియ్యకుండా చెప్పేవాడు. "ఇవాళ వంకాయ. కాస్త మాడింది కూడా." ఆవిడ గరిట పట్టుకుని, "మాడలేదు, మీ ముక్కే మాడింది" అని దెబ్బలాడేది. లోపల మాత్రం ఎంత మురిసిపోయేదో! పిల్లలు లేని ఇల్లు. ఆ ఇంట్లో రోజూ నవ్వు వినబడేది ఆ ఒక్క నిమిషమే. దాన్ని కూడా తీసుకెళ్ళి ఆవిడ ముందు విరగ్గొట్టడానికి ఆయనకి మనసొప్పలేదు.

అందుకని దొంగ వేషాలు మొదలుపెట్టాడు. వాళ్ళుండేది రెండో అంతస్తులో. మెట్ల కింద అందరి చెత్తబుట్టలూ వరసగా ఉంటాయి. సాయంత్రం పైకి ఎక్కే ముందు తమ బుట్టలోకి తొంగి చూసేవాడు. ఉల్లి పొట్టు, చిక్కుడు ఈనెలు. పైకెళ్ళి చెప్పులు విడుస్తూ, "చిక్కుడుకాయ, ఉల్లిపాయ దండిగా వేశావు" అనేవాడు. ఆవిడ నవ్వేది. ఆ నవ్వు విని ఈయన లోపలికి వెళ్ళి, మొహం కడుక్కునే నెపంతో కాసేపు కుళాయి తిప్పుకుని నిలబడేవాడు.

దొంగచాటుగా ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "నరం దెబ్బతింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. రోజూ ఏదైనా ఘాటైన వాసన చూస్తూ ఉండండి. చూస్తున్నంతసేపూ ఆ వాసన ఎలా ఉండేదో గుర్తు చేసుకోండి" అన్నాడాయన.

ఫ్యాక్టరీలో మాత్రం ఒకరికి చెప్పక తప్పింది కాదు. మూత ఎత్తే బావమరిదికి చెప్పాడు, అక్కకి చెప్పనని మాట తీసుకుని మరీ. ఇద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. డబ్బాలో తేడా వాసన వస్తే బావమరిది దగ్గుతాడు. మావయ్య ముక్కు చిట్లించి "పక్కన పెట్టు" అంటాడు.

"బావా, పాలకి నీకు జీతం, దగ్గుకి నాకేం లేదా?" అని బావమరిది నవ్వేవాడు.

"నోర్మూసుకుని దగ్గురా" అనేవాడు మావయ్య.

నోరు మూసుకుని ఎలా దగ్గాలో ఆయనే చెప్పాలి. ఏదైతేనేం, బండి నడిచింది. కానీ బావమరిదిది మామూలు ముక్కు. బాగా పులిసిన పాలైతే పట్టుకుంటాడు, అప్పుడప్పుడే తేడా కొడుతున్నవి వాడి వల్ల కాదు. ఓ రోజు అలాంటి డబ్బా ఒకటి తొట్టిలోకి పోయింది. అదృష్టం బాగుండి లాబులో కనిపెట్టి ఆపేశారు. సూపర్‌వైజరు మావయ్యని పక్కకి పిలిచాడు. మంచివాడే, గౌరవం ఇచ్చే మనిషే. "పెద్దాయనా, మీ మీద నమ్మకంతో ఈ అరుగు వదిలేశాం. ఇంకోసారి ఇలా అయితే మిమ్మల్ని ఇక్కడ ఉంచడం నా చేతుల్లో ఉండదు" అన్నాడు. మావయ్య తల ఊపి వచ్చేశాడు. ఆ రోజు అన్నం సయించలేదు.

అల్లం కుండీ వచ్చింది అందుకే. డాక్టరు చెప్పినట్టు రోజూ ఒక వాసన చూడాలి. వంటింట్లో అల్లం ముక్క ముక్కుకి పెట్టుకుని నిలబడితే ఆవిడ ఊరుకుంటుందా? మొక్కైతే ఆరా తీసేవాళ్ళుండరు. కూరల బుట్టలో మొలక కన్ను లేచిన అల్లం ముక్క ఒకటి ఏరి, పెద్ద మట్టి కుండీ ఒకటి తెచ్చి, వసారాలో పెట్టి నాటాడు. కుండీలమ్మే ఆయన జాగ్రత్తలు చెప్పి పంపాడు: నీళ్ళు ఎక్కువ పొయ్యకండి, ఆకులు పసుపుబారి వాలిపోయాక తవ్వుకోండి, దుంప తయారైనట్టే.

"ఇన్నేళ్ళ కాపురంలో ఒక్క గులాబీ మొక్క తెమ్మంటే తేలేదు. తెచ్చి తెచ్చి అల్లం తెచ్చారా?" అంది భార్య.

చాలా రోజులు మట్టి మట్టిలాగే ఉంది. ఆ తర్వాత ఒక పొద్దున్న పచ్చటి ములుకు ఒకటి పైకి పొడుచుకొచ్చింది. దాని పక్కన ఇంకోటి. సన్నటి ఆకులు విచ్చుకున్నాయి. ఇక మావయ్య నిద్ర లేవగానే వసారాలోకి వెళ్ళి, ఆకు చివర వేళ్ళతో నలిపి, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. అల్లం వాసనని తలుచుకునేవాడు. అమ్మ చేతుల వాసన, జ్వరాల వాసన, భార్య దంచిన రోలు వాసన, అన్నీ తలపుకి వచ్చేవి. ముక్కుకి మాత్రం ఏదీ వచ్చేది కాదు.

"పొద్దున్నే నా మొహం చూడరు, దాని మొహం చూస్తారు. నాకు సవతిని తెచ్చారండీ మీరు" అని ఆవిడ వంటింట్లోంచి కేకేసేది.

"సవతి నోరు లేనిది. నీకంటే నయం" అనేవాడు ఈయన.

అలా నవ్వుతూనే లోపల ఒక మాట అనేసుకున్నాడు. ఈ దుంప ఊరేసరికి నా ముక్కు నాకొచ్చేస్తుంది. ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మునిగేవాడికి ఏదో ఒకటి చేతికి తగలాలి, ఈయన చేతికి అల్లం తగిలింది. తవ్విన రోజున దాన్ని విరిచి వాసన చూస్తాడు, వాసన వస్తుంది, సోమవారం నుంచి అరుగు మీద మళ్ళీ ముక్కు మావయ్య నిలబడతాడు. ఉద్యోగం నిలుస్తుంది, గుమ్మంలో ఆట నిలుస్తుంది. అన్నీ ఆ కుండీలోనే పెట్టేశాడు పిచ్చిమనిషి.

వానలు పట్టుకున్నాయి. ఆకులు అనుకున్నదానికంటే ముందే పసుపు తిరగడం మొదలుపెట్టాయి. మావయ్య సంబరం చూడాలి! "తయారవుతోందే, తయారవుతోంది" అని ఇల్లంతా తిరిగాడు. ఆ రోజుల్లో ఆవిడ ఎందుకో ముభావంగా ఉంటోంది. వసారా తలుపు ఎప్పుడూ మూసి ఉంచుతోంది. వాన జల్లు కొడుతోంది కదా, అందుకే కాబోలనుకున్నాడు ఈయన.

ఓ రాత్రి భోజనాల దగ్గర ఆవిడ ఉన్నట్టుండి, "ఏమండీ, మీకేమీ అనిపించట్లేదా?" అనడిగింది.

మావయ్య ముద్ద కలపడం ఆపేశాడు. కూరలో ఉప్పో కారమో ఎక్కువైందేమో, కావాలనే పరీక్ష పెడుతోందేమో అని హడలిపోయి, "అబ్బే, ఏమీ లేదు. బాగుంది. చాలా బాగుంది" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి మంచినీళ్ళ వంకతో లోపలికి వెళ్ళిపోయింది. ఈ ఆడవాళ్ళ సంగతి మనకి అర్థమై చావదు అనుకుని, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ ఆదివారం ఆకులు పూర్తిగా వాలిపోయాయి. మావయ్య వసారాలో పాత గుడ్డ పరిచి, కుండీ ముందు గొంతుక్కూర్చున్నాడు. వెనక ఆవిడ నిలబడింది, కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ. ఆయన మట్టిలోకి వేళ్ళు పోనిచ్చాడు. మట్టి మెత్తగా ఉంది. కాస్త తడిమేసరికి గట్టిగా తగిలింది. లాగితే ఇట్టే వచ్చేసింది అల్లం, చేతికి నిండుగా, బొద్దుగా, ఐదు కొమ్ములతో.

"చూశావుటే!" అన్నాడు.

ఒక కొమ్ము పుటుక్కున విరిచాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గుండెల నిండా పీల్చాడు. ఏదో... ఏదో ఉన్నట్టే ఉంది. కొరికాడు. నాలిక మండింది, ముక్కులో మంట ఎగదన్నింది, కళ్ళమ్మట నీళ్ళు కారాయి.

"వచ్చిందే! వచ్చింది!"

"ఏమొచ్చిందండీ?"

"అదే... అల్లం వచ్చిందే." సర్దుకుని, విరిచిన ముక్క ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. "ఎలా ఉంది వాసన? నిజం చెప్పు."

ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత అవసరం కంటే పెద్ద గొంతుతో, "ఇల్లంతా ఘుమఘుమలాడిపోతోందండీ! కొట్లో అల్లం దీని ముందు ఎందుకూ పనికిరాదు" అంది.

అవును, ఇల్లంతా వాసనే. ఆవిడ అనగానే ఆయనకి ఇంకా బాగా వచ్చేసింది. గోడల్లోంచి వచ్చింది, మంచం దుప్పట్లోంచి వచ్చింది. ఆ రోజంతా ముక్క జేబులో పెట్టుకుని, తీసి చూసుకుంటూ, మళ్ళీ జేబులో పెట్టుకుంటూ తిరిగాడు. ఆవిడ ఆయన్ని చూసి నవ్వుతూనే ఉంది. చెత్తబుట్టలో చూడాల్సిన పని కూడా లేదు, ఆదివారం కదా, ఎదురుగానే కూర తరిగింది.

సోమవారం పొద్దున్న అరుగు మీదికి మావయ్య కొత్త పెళ్ళికొడుకులా వచ్చాడు. బావమరిది చెవిలో, "ఇంక నీ దగ్గు అక్కర్లేదురా. వచ్చేసింది" అన్నాడు.

"నిజంగానా బావా?"

"నీతో అబద్ధమాడితే నాకేమొస్తుంది?"

మొదటి లారీ దిగింది. మూత, వంగడం, పోనీ. మూత, వంగడం, పోనీ. తాజా పాల వాసన కమ్మగా తగులుతోందనిపించింది ఆయనకి. ఎన్నాళ్ళయిందో ఇంత హాయిగా వంగి! రెండో లారీ సగంలో బావమరిది ఒక మూత ఎత్తి దగ్గాడు.

మావయ్య వంగి చూశాడు. కమ్మటి పాలే. "పోనీ" అన్నాడు.

బావమరిది డబ్బా కదపలేదు. మళ్ళీ దగ్గాడు, ఈసారి గట్టిగా.

"నీకు నిజంగానే జలుబు చేసినట్టుంది. పోనీ అన్నానా!"

"బావా, ఒక్కసారి మళ్ళీ..."

"నాకు నేర్పుతావురా నువ్వు? ఈ అరుగు మీద ముక్కెవరిది, నాదా నీదా?" డ్రైవర్లందరూ తలలు తిప్పి చూసేలా అరిచాడు. బావమరిది మొహం మాడిపోయింది. డబ్బా వంచేశాడు. ఆ వెంట అదే ఊరి డబ్బాలు ఇంకొన్ని వచ్చాయి. వాటికి వాడు దగ్గలేదు.

పొద్దెక్కాక, ఈసారి లాబువాళ్ళు చూసేలోపే, లోపల పెద్ద తొట్టి కింద వేడి పెట్టారు. కాసేపటికి కేకలు వినిపించాయి. పాలు విరిగిపోయాయి. ఆ పొద్దుటి పాలు, అన్ని లారీల పాలు, అన్నీ. కొంప మునిగింది.

తొట్టి అడుగున కుళాయి విప్పి కాలవలోకి వదిలేశారు. తెల్లటి తరకలు, పచ్చటి నీళ్ళు, గడ్డలు గడ్డలుగా పోతూ ఉంటే పనివాళ్ళందరూ తువ్వాళ్ళు ముక్కులకి అడ్డం పెట్టుకున్నారు. డ్రైవర్లు దూరంగా జరిగారు. మావయ్య ఒక్కడే ముక్కుకి ఏ అడ్డమూ లేకుండా కాలవ పక్కన నిలబడ్డాడు. ఆ తర్వాత అందరూ చూస్తుండగా మోకాళ్ళ మీద వంగి, ఆ తరకల మీదికి మొహం పెట్టి, గట్టిగా పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. వట్టి గాలి.

సూపర్‌వైజరు వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. "పెద్దాయనా, నిజం చెప్పండి. మీకు వాసన తెలుస్తోందా?"

"లేదు బాబూ."

"మూత తీసింది నువ్వే కదా, నీకైనా తెలీలేదా?" అని బావమరిది మీదికి లేచాడు.

వాడు నేలచూపులు చూస్తూ, "జలుబండీ" అన్నాడు. అంత తిట్టినా బావని పట్టివ్వలేదు.

మర్నాటి నుంచి మావయ్య డబ్బాలు కడిగే షెడ్డులో పనికి రావాలని తేల్చారు. అరుగు మీద వేరే మనిషిని పెడతారు. తిట్టలేదు, కొట్టలేదు. కాస్త తిట్టినా బాగుండేది.

మిట్టమధ్యాహ్నం ఇంటికొచ్చాడు. భార్యతో మాట్లాడకుండా నేరుగా వసారాలోకి వెళ్ళి, కిటికీ మీద పెట్టిన అల్లం చేతిలోకి తీసుకుని కుండీ ముందు కూలబడ్డాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. అప్పుడు కనిపించింది. మట్టిలోంచి తీసిన దుంపకి ఒక్క వేరైనా లేదు. విరిచిన చోట్లు కాక మిగతా కొసలన్నీ ఎప్పుడో ఎండి, గట్టిపడి ఉన్నాయి.

ఆవిడ గుమ్మంలోంచి అదంతా చూసింది. ఈ వేళప్పుడు ఇంటికి రావడం, ఆ మొహం, ఆ తిప్పి చూడడం... ఇంకేముంది, తెలిసిపోయిందనుకుంది. వచ్చి ఎదురుగా నేల మీద కూర్చుని ఏడ్చేసింది.

"తప్పైపోయిందండీ. అది కుండీలోది కాదు. కొట్లో కొన్నాను."

మావయ్య అల్లం వంక, కుండీ వంక చూశాడు.

"మీ ఫ్యాక్టరీ కంచె మొక్కలకి డబ్బాలు కడిగిన నీళ్ళే కదా పోస్తారు, ఏపుగా ఉంటాయని మీరే అనేవారు. మీ అల్లం బాగా ఊరాలని రోజూ పాలగిన్నె కడిగిన నీళ్ళు పోశాను. నాలుగు చుక్కలు ఎక్కువే పోశాను. పైనుంచి వానలు. ఆకు పట్టుకుని చూస్తే చేతిలోకి ఊడొచ్చింది. లోపల దుంపంతా జిగట. పులిసిన పాల కంపండీ, కుళ్ళు కంపు. కింది ఇంటావిడ పైకొచ్చి నన్ను నానా మాటలూ అంది. ఆ మట్టి ఎత్తి పారేసి, కొత్త మట్టి పోసి, కొన్న అల్లం పాతిపెట్టి, పైన ఆ ఆకులే గుచ్చాను."

కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"వారం రోజులు కంపు కొట్టిందండీ ఇల్లు. మీ ముక్కుకి మొదటి రోజే తెలిసిపోయి ఉంటుంది, నాకు తెలుసు. ఒక్క మాట అనలేదు మీరు. అడిగితే కూడా చాలా బాగుందన్నారు. ఇంత మంచి మనిషిని మోసం చేస్తున్నానే అని నాకు తిండి సయించలేదు."

"నాకు తెలీలేదే" అన్నాడు మావయ్య.

"ఏం తెలీలేదు?"

"కంపు."

ఆవిడ ఏడుపు ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూసింది. ఆ రాత్రి భోజనం దగ్గర చూసినట్టే చూసింది, కానీ ఈసారి వేరేది కనిపించింది.

"ఎప్పట్నించి?"

"జ్వరం దిగిన రోజు నుంచి."

"మరి రోజూ గుమ్మంలో... వంకాయనీ, చిక్కుడనీ?"

"కింద చెత్తబుట్ట చూసి వచ్చేవాణ్ణి."

ఆవిడ నుదురు కొట్టుకుంది. "మా తమ్ముడికి తెలుసా?" అంది.

"తెలుసు."

"వాడికి చెప్పారు. నాకు చెప్పలేదు." ఆ మాట మెల్లగానే అంది. ఆయన పొద్దున జరిగిందంతా చెప్పాడు, దగ్గు, అరుపు, తొట్టి, కాలవ, షెడ్డు. ఆవిడ వింటూ వింటూ ఒక్కచోట ఆగిపోయింది.

"ఘుమఘుమలాడిపోతోందని నేను అనకపోయి ఉంటే, ఇవాళ వాడి దగ్గు వినేవారు కదా మీరు?"

మావయ్యకి కాదనాలని ఉంది. చేతిలో అల్లం కుండీలో పడేశాడు.

మర్నాడు షెడ్డులో చాకలిసోడా నీళ్ళతో డబ్బాలు తోమి తోమి, చర్మం ముడతలు పడ్డ చేతులతో సాయంత్రం ఇల్లు చేరాడు. మెట్ల కింద చెత్తబుట్టలున్నాయి. తలవంచి వాటిని దాటుకుని పైకెక్కాడు. గుమ్మంలో చెప్పులు విడిచాడు. అలవాటు చొప్పున అక్కడే ఆగాడు. లోపల ఆవిడ కూడా అలవాటు చొప్పున గరిట పట్టుకుని ఇటు తిరిగి నిలబడింది.

"ఏం వండావే?" అనడిగాడు మావయ్య.

"బెండకాయ" అని చెప్పి, ఆవిడ పొయ్యి కట్టేసింది.